ఆన్‌లైన్ బడి అయ్యాక పిల్లలకు ఏ వ్యాపకం? మేం పెట్టి చూసినవి, మాన్పించినవి, ఉంచుకున్నవి

మా ఇద్దరు పిల్లలూ రెండేళ్లుగా ఇంటి నుంచే చదువుతున్నారు. చిన్నవాడికి ఆయాసం. చలికాలం వచ్చిందంటే రాత్రిళ్లు నిద్ర ఉండదు. కొన్నాళ్లు బడి గుంపులోకి పంపొద్దని డాక్టరుగారు చెప్పారు. వాడొక్కణ్ణే ఇంట్లో ఉంచితే బెంగ పెట్టుకుంటాడని పెద్దదాన్ని కూడా అదే ఆన్‌లైన్ బడిలో చేర్చాం. ఇప్పుడు అది ఆరో తరగతి, వాడు మూడు. రాజమండ్రిలో మూడో అంతస్తు ఫ్లాటు మాది. పైన మేడ, మెట్లు దిగితే వీధి. నేను తొమ్మిదేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పి మానేశాను. కాబట్టి ఇక్కడ రాసేది అమ్మగా చూసింది కొంత, టీచరుగా చూసింది కొంత.

ఒంటిగంటకల్లా క్లాసులు అయిపోతాయి. అప్పటినుంచి మొదలవుతుంది అసలు ప్రశ్న. మా ఆడపడుచు అబాకస్ అంటుంది, పక్కింటి వాళ్లు కోడింగ్ అంటారు, మా అమ్మ సంగీతం అంటుంది. ఫోనులో రోజుకో ప్రకటన. మొదటి ఆరు నెలలు ఎవరేది చెబితే అదల్లా పెట్టాం. డబ్బు పోయింది, పిల్లలు అలిసిపోయారు. ఆ తర్వాతే కూర్చుని ఆలోచించాను: ఏ క్లాసు మంచిది అని కాకుండా, తెర ముందు గడిచే రోజులో పిల్లకు ఏం దక్కడం లేదు అని.

ఒకరోజు మా అమ్మాయి క్లాసు జరుగుతుంటే పక్కన కూర్చుని విన్నాను. నాలుగు పీరియడ్లలో అది నోరు తెరిచింది మూడుసార్లు: ‘ఎస్ మేడమ్’, ‘వినబడుతోంది మేడమ్’, ఒక లెక్కకు జవాబు. మిగతా సమయమంతా మ్యూట్. బడికి వెళ్లే పిల్ల అరుస్తుంది, పాడుతుంది, పోట్లాడుతుంది, పక్కదాని చెవిలో గుసగుసలాడుతుంది. ఇది గొంతు వాడటమే మానేసింది. అలా చూస్తూ పోతే ఇంకో మూడు కనబడ్డాయి. రెండడుగుల దూరం దాటి చూపు పోవడం లేదు. చేతులకు కీబోర్డు తప్ప పని లేదు. తోటిపిల్లల పక్కన కూర్చోవడం లేదు. గొంతు, చూపు, చేతులు, తోడు. ఈ నాలుగింట్లో ఏది తిరిగి ఇస్తుందో చూసి వ్యాపకాన్ని ఎంచుకోవడం మొదలుపెట్టాక మా ఇంట్లో గందరగోళం సగం తగ్గింది. కింద పోల్చిందంతా ఆ లెక్కలోనే.

ఇంకో కొలత కూడా చెప్పాలి. బళ్లు మూతపడిన 2020లో, జులై నెలలో, కేంద్ర ప్రభుత్వం ‘ప్రజ్ఞాత’ పేరుతో ఆన్‌లైన్ చదువుకు మార్గదర్శకాలు ఇచ్చింది. ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు రోజుకు రెండే క్లాసులు, ఒక్కోటి 30 నుంచి 45 నిమిషాలు. తొమ్మిది నుంచి పన్నెండుకు నాలుగు. అంటే మూడో తరగతి పిల్లాడికి అసలు చదువే తెర మీద గంటన్నర దాటొద్దన్నారు. ఇప్పటి ఆన్‌లైన్ బళ్లు చాలావరకు అంతకంటే ఎక్కువే నడుపుతున్నాయి. దానిమీద సాయంత్రం ఇంకో గంట తెర క్లాసు కలిపితే ఎంతవుతుందో మీరే కూడి చూసుకోండి.

కోడింగ్: డబ్బు కట్టే క్లాసా, ఊరికే దొరికే స్క్రాచ్‌నా

మేం ముందు పెట్టింది డబ్బు కట్టే క్లాసే. ఒక కంపెనీ వాళ్లు ఉచితంగా ఒక డెమో చేశారు. అరగంటలో పిల్ల చేత ఒక బొమ్మను నడిపించి, ‘మీ అమ్మాయిలో చాలా ప్రతిభ ఉంది, ఇప్పుడు మొదలుపెట్టకపోతే ఆలస్యమైపోతుంది’ అన్నారు. కన్నతల్లికి ఆ మాట వింటే చెయ్యి ఆగదు. మూడు నెలలకు కట్టేశాం. మానేద్దామనుకునేసరికి ఖాతాలోంచి తర్వాతి వాయిదా కూడా దానంతట అదే పోయింది. 2021 డిసెంబరులో కేంద్ర విద్యాశాఖ తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక ఇచ్చింది: ఆన్‌లైన్ చదువుల కంపెనీల ‘ఉచితం’ అన్న మాటను జాగ్రత్తగా చూడమని, ఫీజుకు ఆటో డెబిట్ పెట్టొద్దని, షరతులన్నీ చదవకుండా ఒప్పుకోవద్దని. నేనది చదివింది డబ్బు పోయాక. మీరు ముందే చదవండి.

క్లాసు మానేశాక మా అమ్మాయి స్క్రాచ్ అనే కోడింగ్ ప్రోగ్రాము మొదలుపెట్టింది. అమెరికాలోని ఎం.ఐ.టి. వాళ్లు 2007లో పిల్లల కోసమే తెచ్చారు దీన్ని. 8 నుంచి 16 ఏళ్ల వాళ్లను దృష్టిలో పెట్టుకుని చేసింది, పైసా ఖర్చు లేదు. రంగురంగుల ముక్కలను ఒకదానికొకటి తగిలించి బొమ్మను ఆడించడమే. కంప్యూటర్లో పెట్టుకుంటే నెట్ లేకపోయినా నడుస్తుంది. ఫోనులో మాత్రం వద్దు, ముక్కలు లాగడానికి వేలికి చోటు చాలదు, పిల్లలకు విసుగొస్తుంది. డబ్బు కట్టిన క్లాసులో టీచరు చెప్పింది చెప్పినట్టు చేసేది. ఇక్కడ తనకు కావలసింది తానే చేసుకుంటోంది. వారంలో రెండు రోజులు, ముప్పావుగంట. అంతకుమించి మేం ఒప్పుకోం, ఎందుకంటే కోడింగ్ ఎంత మంచిదైనా నేను చెప్పిన నాలుగింట్లో ఒక్కటీ ఇవ్వదు. తెర చదువు చదివే పిల్లకు ఇది వరసలో చివర రావాలి. మామూలు బడికి వెళ్లే పిల్లయితే నేనిలా అనను.

అబాకస్ కంటే అష్టాచమ్మా మేలని ఎందుకంటున్నానంటే

లెక్కల టీచరుగా ఈ మాట బాధ్యతతోనే అంటున్నాను. అబాకస్ వల్ల కూడికలు, గుణకారాలు చురుగ్గా వస్తాయి, సందేహం లేదు. చేతులతో పూసలు కదుపుతారు కాబట్టి చిన్నపిల్లలకు అంకెల స్థానం కూడా బాగా పడుతుంది. కానీ ఆన్‌లైన్లో అబాకస్ అంటే చాలాచోట్ల వేగానికే పోటీ. పక్క పెట్టెలో పిల్లాడు ముందు చెబితే మావాడు ముఖం ముడుచుకునేవాడు. రెండు నెలలకు మాన్పించాం.

దాని బదులు మా అమ్మ ఇంట్లో పాత డబ్బాలో ఉన్న గవ్వలు తెచ్చాను. అయిదు గళ్లు, అయిదు గళ్లు సుద్దముక్కతో నేలమీద గీసుకుంటే అష్టాచమ్మా తయారు. గవ్వలు లేకపోతే చింతపిక్కలు ఒకవైపు గరుకు నేలమీద అరగదీస్తే చాలు. మా ఇంటి లెక్కలో నాలుగూ వెల్లకిలా పడితే చమ్మ, నాలుగూ బోర్లా పడితే అష్ట. ‘చమ్మ ఎందుకమ్మా ఎప్పుడో గానీ పడదు?’ అని మావాడు అడిగాడు. ఆ ప్రశ్న కోసం నేను బళ్లో ఎన్ని తరగతుల్లో ఎదురుచూశానో!

ఒక్కో గవ్వ రెండు రకాలుగా పడుతుంది. నాలుగు గవ్వలకు మొత్తం 16 రకాలు. వాటిలో అన్నీ వెల్లకిలా పడేది ఒక్కటే, అన్నీ బోర్లా పడేది ఒక్కటే. ఒకటి మాత్రం వెల్లకిలా పడేవి 4, మూడు పడేవి 4, సరిగ్గా రెండు పడేవి 6. కాగితం మీద 1, 4, 6, 4, 1 అని రాయించాను. తర్వాత నిజంగా నూరుసార్లు వేయించి గీతలు పెట్టించాను. గవ్వ నాణెంలా రెండువైపులా ఒకటే తీరుగా ఉండదు కదా, అందుకని లెక్క కచ్చితంగా కుదరలేదు. ఎందుకు కుదరలేదో అక్కాతమ్ముళ్లు ఇద్దరూ ఒక సాయంత్రమంతా వాదించుకున్నారు. నాకు అంతకంటే ఏం కావాలి?

ఇక్కడ ఒక్క మాట పక్కకు వెళ్లి చెబుతాను. ఆ 1, 4, 6, 4, 1 వరస మన ఛందస్సులో ఉంది. పింగళుడి ఛందశ్శాస్త్రానికి పదో శతాబ్దంలో వ్యాఖ్యానం రాసిన హలాయుధుడు దాన్ని మేరు ప్రస్తారం అన్నాడు. గవ్వ బోర్లా, వెల్లకిలా అన్నట్టే అక్షరం గురువో లఘువో అవుతుంది. మూడక్షరాలకు 8 గణాలు, పిల్లలు ‘యమాతారాజభానసలగం’ అని బట్టీపట్టేవి అవే. నాలుగక్షరాలకు 16. మా అమ్మాయి పై తరగతులకు వెళ్లి గణవిభజన నేర్చుకునే రోజున ఈ గవ్వలు గుర్తొస్తాయని నా ఆశ. ఇప్పుడు అది స్క్రాచ్‌లో గవ్వలు వేసే ఆట తయారుచేస్తోంది. అలా చివర పెట్టిన కోడింగ్‌కు కూడా ఒక పని దొరికింది.

వామనగుంటలు, పులి-మేక కూడా ఇదే కోవ. మూడో తరగతి లోపు పిల్లలకు వామనగుంటలు మేలు, గింజలు పంచుతుంటే ఎంచడం వస్తుంది. పులి-మేక పెద్దపిల్లలకు, అందులో ముందు ఎత్తు ఆలోచించాలి.

చదరంగం ఎక్కడ పెట్టాలో చాలా రోజులు తేల్చుకోలేకపోయాను. తెలుగు ఇళ్లలో దానికి ఉన్న గౌరవం ఊరికే వచ్చింది కాదు. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి తండ్రి దగ్గర ఆట నేర్చుకుని 2002లో పదిహేనేళ్లకు గ్రాండ్‌మాస్టర్ అయింది, 2019లో, మళ్లీ 2024లో ప్రపంచ ర్యాపిడ్ చాంపియన్. గుంటూరు హారిక, హరికృష్ణ, వరంగల్ అర్జున్ ఎరిగైసి మన కళ్లముందే ఉన్నారు. ఆన్‌లైన్లో నేర్చుకోవడానికి లిచెస్ అనే వెబ్‌సైటు పూర్తిగా ఉచితం, ప్రకటనలు లేవు, చిన్నపిల్లల కోసం మాటలు రాసుకునే వీలు తీసేసే అమరిక కూడా ఉంది. అందులో ఒక్క నిమిషం ఆటల జోలికి పోనివ్వకండి. పది నిమిషాలు, అంతకుమించినవి ఆడిస్తేనే ఆలోచన. మా పద్ధతి ఏమిటంటే పజిల్ తెర మీద చూసి, దాన్ని చెక్కబల్ల మీద పేర్చుకుని, బల్ల మీదే తేల్చాలి. ఎదురుగా మనిషి ఉండి ఆడితే చదరంగం తోడునిస్తుంది. తెర మీద పేరు తెలియనివాడితో ఆడితే ఇవ్వదు. అదే ఆట, రెండు ఫలితాలు.

సంగీతం: ఆన్‌లైన్లో ఏది కుదురుతుంది, ఏది కుదరదు

గొంతు తిరిగి ఇచ్చేది సంగీతమే కాబట్టి దీన్ని వదలకండి. కానీ ఆన్‌లైన్ క్లాసుకు డబ్బు కట్టేముందు ఒక సంగతి తెలుసుకోవాలి. వీడియో కాల్లో మాట అటునుంచి ఇటు చేరడానికి కొద్దిగా ఆలస్యం అవుతుంది. మాట్లాడుకునేటప్పుడు తెలియదు. తాళం వేస్తూ ఇద్దరూ కలిసి పాడబోతే తెలుస్తుంది. టీచరు ‘స’ దగ్గర ఉంటే పిల్ల ‘స’ అక్కడికి వెనక వస్తుంది. అందుకే ఆన్‌లైన్ గురువులు తాము ఒకసారి పాడి, ఆగి, పిల్ల చేత పాడించుకుంటారు. సరళీ వరసలు, జంట వరసల దాకా ఇలా బాగానే నడుస్తుంది, మాయామాళవగౌళ రాగం స్వరాలు చెవికి పడతాయి. అదే వరసను వేగం రెట్టిస్తూ పాడే మొదటికాలం, రెండోకాలం, మూడోకాలం దగ్గరికి వచ్చేసరికి తాళం చేతిలో ఉండాలి. అక్కడ ఎదురుగా గురువు లేకపోతే పిల్ల తనకు తెలియకుండానే వేగం పెంచేస్తుంది. మా అమ్మాయి అలాగే చేసింది, నాలుగు నెలల దాకా ఎవరికీ పట్టుబడలేదు.

రెండోది శ్రుతి. వీడియో కాల్ యాప్‌లు చప్పుళ్లు తగ్గించే పని వాటంతట అవే చేస్తాయి. తంబూర శబ్దం ఆగకుండా ఒకే తీరుగా మోగుతుంది కదా, దాన్ని ఫ్యాను చప్పుడు అనుకుని మింగేస్తాయి. పిల్ల శ్రుతి తప్పిందో లేదో గురువుకు వినబడదు. జూమ్‌లో అయితే ‘ఒరిజినల్ సౌండ్’ అన్నది పెట్టుకోవాలి. ఈ చిన్న సంగతి మాకు ఎవరూ చెప్పలేదు.

చివరికి మేం చేసింది ఇది: రెండు వీధుల అవతల ఉన్న ఒక అమ్మగారి దగ్గరికి వారానికి ఒక్కసారి నడిచి వెళ్తుంది. మిగతా రోజులు తంబూర యాప్ పెట్టుకుని పావుగంట సాధన. వారానికి మూడు ఆన్‌లైన్ క్లాసుల కంటే ఈ ఒక్కటి ఎక్కువ పని చేసింది. మీ ఊళ్లో గురువు దొరక్కపోతే ఆన్‌లైన్ మంచిదే, కాకపోతే రెండు మూడు నెలలకొకసారైనా ఎదురుగా కూర్చుని తాళం సరిచూపించే ఏర్పాటు చేసుకోండి. మొదలుపెట్టేవాళ్లకు వీణ, వయొలిన్ కంటే గాత్రమే నయం. తీగ శ్రుతి చేయడం దూరం నుంచి నేర్పడం కష్టం.

కూచిపూడి విషయంలో నా అభిప్రాయం గట్టిది. అడుగు నేర్చుకునే దశలో అరమండి (మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చున్నట్టు నిలబడటం) సరిగ్గా ఉందో లేదో చూసి, భుజం పట్టి, మోకాలు పక్కకు తిప్పి గురువు దిద్దాలి. కెమెరాలో సగం ఒళ్లే కనబడుతుంది. టైల్సు నేల మీద రోజూ తట్టడం మడమలకూ మోకాళ్లకూ మంచిది కాదు. దగ్గర్లో గురువు ఉంటేనే పెట్టండి, లేకపోతే ఆగండి.

మేడ మీద దొరికేవి

ఇంట్లోని అన్ని వ్యాపకాల్లో ఒక్కటే ఉంచుకోమంటే నేను మేడను ఉంచుకుంటాను. దూరపు చూపు అక్కడే ఉంది. ఆరుబయట ఎక్కువసేపు గడిపే పిల్లల్లో హ్రస్వదృష్టి (దూరంగా ఉన్నవి మసకగా కనబడటం) మొదలయ్యే ముప్పు తగ్గుతుందని కంటి వైద్యులు చెబుతున్నారు. ఖర్చు దాదాపు లేదు. కావలసింది మీ సమయం, అది తక్కువ ఖరీదేం కాదు.

మేడ మీద మూడు పనులున్నాయి, మూడూ ఒకటి కాదు. ఏ వయసుకు ఏది అన్నది చూడాలి.

మొక్కలు చిన్నపిల్లలకు. ఇక్కడ అందరూ చేసే తప్పు టమాటాతో మొదలుపెట్టడం. కాయ చూడటానికి రెండు మూడు నెలలు పడుతుంది, ఏడేళ్ల పిల్లాడి ఓపిక అంత సాగదు. మెంతులు నానబెట్టి చల్లండి. రెండు మూడు రోజుల్లో మొలక, మూడు వారాల్లో కోసి పప్పులో వేసుకోవచ్చు. మావాడు రోజూ స్కేలు పెట్టి కొలిచి గళ్ల కాగితం మీద చుక్క పెట్టాడు. ఒక కుండీ ఎండలో, ఒకటి నీడలో. నీడలోది ముందు పొడుగ్గా పెరిగి తర్వాత వాలిపోవడం చూసి వాడు అడిగిన ప్రశ్నలకు నాకూ వెంటనే జవాబులు రాలేదు. మెంతి తర్వాత తోటకూర, ఆ తర్వాత బెండ. టమాటా ఏడాది ఆగవచ్చు.

పక్షులు అన్ని వయసులకూ. మా మేడ మీంచి గోరింకలు, రామచిలకలు, తేనెపిట్టలు, గద్దలు కనబడతాయి, సాయంత్రం గోదావరి వైపు నుంచి కొంగలు బారులు తీరి వెళ్తాయి. కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్ల మెర్లిన్ యాప్ ఉచితం. పిట్ట అరుపు వినిపిస్తే అది ఏ పిట్ట కావచ్చో చెబుతుంది. మన ప్రాంతం జాబితాను ఒకసారి దించుకుంటే నెట్ లేకుండా కూడా పనిచేస్తుంది. ఫోను నా చేతిలోనే ఉంటుంది, పిల్లల చేతిలో పుస్తకం, పెన్సిలు. ముందు వాళ్లు చూసి గుర్తులు రాయాలి: ముక్కు ఎలా ఉంది, తోక ఎంత, ఎక్కడ వాలింది. ఆ తర్వాతే యాప్‌ను అడుగుతాం. వేసవిలో ఒకరోజు నల్లటి పిట్ట ఒకటి, మచ్చలున్న గోధుమరంగు పిట్ట ఒకటి వేపచెట్టు మీద కనిపిస్తే పిల్లలు రెండు జాతులని రాసుకున్నారు. రెండూ కోకిలలే, నల్లది మగది, మచ్చలది ఆడది. కూసేది మగదని, కాకి గూట్లో గుడ్డు పెట్టేది ఆడదని తెలిసిన రోజు వాళ్ల ముఖాలు చూడాలి.

చుక్కలు కాస్త పెద్దపిల్లలకు. మా వైపు వానాకాలంలో ఆకాశం కనబడదు, కాబట్టి కార్తీకం నుంచి మొదలుపెట్టండి. మన నెలల పేర్లే పాఠం. పున్నమి నాడు చంద్రుడు ఏ నక్షత్రం దగ్గర ఉంటే ఆ నెలకు ఆ పేరు: కృత్తిక వల్ల కార్తీకం, మృగశిర వల్ల మార్గశిరం, మఖ వల్ల మాఘం, చిత్త వల్ల చైత్రం, విశాఖ వల్ల వైశాఖం. కార్తీక పున్నమి నాడు చంద్రుడి దగ్గర్లో ఉండే చిన్న గుంపే కృత్తికలు, పల్లెల్లో పిల్లలకోడి అంటారు. పున్నమి వెలుగులో అది మసకేస్తుంది. నాలుగైదు రోజులు ఆగి, చంద్రుడు రాకముందే చూడండి. ఎన్ని చుక్కలు కనబడుతున్నాయో ఇంట్లో ఒక్కొక్కరినీ విడిగా లెక్కపెట్టమనండి. వేసవి సాయంత్రాల్లో సప్తర్షుల్లో వశిష్ఠుడి పక్కన అరుంధతి. కంప్యూటర్లో స్టెలేరియం అనే ఉచిత ప్రోగ్రాము ఉంటే సాయంత్రానికి ఏది ఎక్కడుంటుందో పగలే చూసుకోవచ్చు. టెలిస్కోపు ఇప్పుడే కొనకండి. నగరం మధ్యలో ఉండేవాళ్లకు చుక్కలకంటే పక్షులే మేలు, వీధిదీపాల వెలుగులో పిల్లలు తొందరగా ఆశ వదులుకుంటారు.

చేతిపనికి కిట్ కొనాలా?

నెలనెలా ఇంటికి పెట్టె పంపే సైన్సు కిట్లు ఉన్నాయి. ఒకటి తెప్పించాం. బాగానే ఉంది, కానీ అన్నీ కత్తిరించి, కన్నాలు పెట్టి, సిద్ధం చేసి ఇస్తారు. పిల్ల చేయవలసింది తగిలించడమే, గంటలో అయిపోతుంది. దానికి ఎదురు అరవింద్ గుప్తా గారి దారి. కాన్పూర్ ఐఐటీలో చదివి, జీవితమంతా చెత్తలోంచి ఆటబొమ్మలు చేయడం నేర్పిన మనిషి, 2018లో పద్మశ్రీ వచ్చింది. ఆయన వెబ్‌సైట్‌లో పుస్తకాలు, వీడియోలు అన్నీ ఉచితం. మేం మొదట చేసింది అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలతో ఆకారాలు. మూడు పుల్లల త్రిభుజం నొక్కినా కదలదు, నాలుగు పుల్లల చతురస్రం వంగిపోతుంది. గోదావరి మీద రైలు వంతెనలో ఆ త్రిభుజాలన్నీ ఎందుకున్నాయో ఆ రోజు మావాడికి తెలిసింది. తర్వాత వంతెన మీదుగా వెళ్లినప్పుడు కిటికీ దగ్గర్నుంచి కదల్లేదు.

కొనేదేమైనా ఉంటే ఒక్క ఫోల్డ్‌స్కోప్ కొనవచ్చు. స్టాన్‌ఫర్డ్‌లో మను ప్రకాశ్ బృందం చేసిన కాగితపు సూక్ష్మదర్శిని ఇది, 140 రెట్లు పెద్దగా చూపిస్తుంది. మడతపెట్టి పిల్లలే తయారుచేసుకోవాలి. ఉల్లిపొర, ఈగ రెక్క, మందారం పుప్పొడి చూడటానికి చాలు. ఆరో తరగతి పైవాళ్లకు ఇవ్వండి, చిన్నవాళ్లకు అద్దంముక్క సర్దడం చేతకాక ఏడుపొస్తుంది.

బొమ్మలు వేయడం, కాగితం మడతలు, కుట్టు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. పిల్లకు ఇష్టముంటే చేయనివ్వండి, క్లాసు అవసరం లేదు.

కథలు, తెలుగు

చదివే అలవాటుకు తెర మీది పుస్తకమా, అచ్చు పుస్తకమా అని అడుగుతారు. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో తెలుగు కథలు బోలెడన్ని, ఉచితం, చదువు స్థాయిని బట్టి వరసగా ఉంటాయి, కావాలంటే అచ్చు తీసుకోవచ్చు. మేం వారానికి నాలుగు కథలు నలుపు-తెలుపులో అచ్చు తీసి కుట్టేస్తాం. రంగులు పిల్లలే వేసుకుంటారు. కానీ మీ ఊళ్లో గ్రంథాలయం ఉంటే తప్పకుండా సభ్యత్వం తీసుకోండి. మాకు గౌతమీ గ్రంథాలయం ఉంది. బీరువాల మధ్య నడిచి పుస్తకం వెతుక్కోవడం, అక్కడ కూర్చున్న పెద్దవాళ్లను చూడటం, నిశ్శబ్దం, ఇవన్నీ కూడా చదువే.

గొంతు కోసం ఇంకొకటి చేస్తున్నాం. ఒకప్పుడు రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావుగారు, అక్కయ్య కామేశ్వరిగారు పిల్లల చేత రేడియోలో పాడించి, ఆడించి, మాట్లాడించేవారు. బొమ్మ లేదు, గొంతు ఒక్కటే. మా పిల్లలు ఆదివారాలు ఫోనులో పది నిమిషాల ‘రేడియో’ చేస్తారు: ఒక వేమన పద్యం, ఒక కథ, ఇంట్లో వారం వార్తలు. అమెరికాలో ఉన్న మా మరిది పిల్లలకు పంపుతాం, వాళ్లకు అప్పుడు శనివారం రాత్రి. వాళ్లూ తిరిగి పంపుతారు. వాళ్ల తెలుగు మొదట ముక్కలుముక్కలుగా ఉండేది, ఇప్పుడు పొడుపుకథలు వేస్తున్నారు. ప్రవాసంలో ఉండి పిల్లలకు తెలుగు ఎలా అని ఆలోచించే తల్లిదండ్రులకు, అక్షరాల క్లాసుతో పాటు ఇది కూడా పెట్టమని చెబుతాను. వినేవాళ్లు ఉన్నారంటే పిల్లలు మాటలు వెతుక్కుంటారు.

మీ ఇంటికి ఏది?

ముందు మీరు ఇవ్వగల సమయం చూసుకోండి. ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లి, పిల్లలు తాతయ్య, నాయనమ్మల దగ్గర ఉంటే మేడ మీద సైన్సు వాళ్లకు భారం. అక్కడ గవ్వలు, కథలు, పద్యాలు, మెంతికుండీ సరిగ్గా సరిపోతాయి, ఎందుకంటే అవి వాళ్లకు మనకంటే బాగా వచ్చు. మీరు ఇంటి నుంచి పనిచేస్తుంటే సాయంత్రం అరగంట పక్షులకు ఇవ్వండి, మీ కళ్లకూ మంచిదే. డబ్బు పెట్టగలిగితే ఆ డబ్బు నడిచి వెళ్లగలిగే దూరంలో ఉన్న గురువుకు పెట్టండి. సంగీతమో, ఈతో, బ్యాడ్మింటనో. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు అలిసే ఆట ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బడికి వెళ్లే పిల్లలకు ఇందులో కొంత మెట్లెక్కడంలో, ఇంటర్వెల్లో అదే వచ్చేస్తుంది. మనవాళ్లకు విడిగా సమకూర్చాలి. ఆయాసం ఉన్న పిల్లలకు ఏ ఆటైనా డాక్టరును అడిగి మొదలుపెట్టండి. మావాడికి సైకిలు ఒప్పుకున్నారు, చలిగాలిలో పరుగు వద్దన్నారు.

ఓపెన్ స్కూలు ద్వారా పదో తరగతి కడుతున్న పిల్లలుంటే ఒకటే వ్యాపకం ఉంచండి, అదీ తెర లేనిది.

అన్నిటికంటే కష్టమైంది తోడు. దానికి క్లాసు అమ్మరు. మా అపార్టుమెంటులో నలుగురు పిల్లల తల్లులతో మాట్లాడి, శనివారం సాయంత్రం మేడ మీద రెండు గంటలు అని పెట్టుకున్నాం. ఒక వారం పులి-మేక, ఒక వారం అగ్గిపుల్లల వంతెన, ఒక వారం ఏమీ లేదు, వాళ్లిష్టం. మొదటిరోజు మావాడు ఎవరితోనూ మాట్లాడకుండా నీళ్లట్యాంకు పక్కన నిలబడ్డాడు. మూడో వారానికి వాడి అరుపు కింద వంటింట్లోకి వినబడింది. ఇది కుదరడానికి నెల పట్టింది. ఒకరు వస్తే ఒకరు రారు, మధ్యలో మానేద్దామనిపిస్తుంది. మానకండి.

కొత్తగా ఏది పెట్టినా మూడు వారాల గడువు పెట్టుకోండి, మూడు నెలల ఫీజు కట్టకండి. మూడు వారాల్లో పిల్ల తనంతట తాను, మీరు గుర్తుచేయకుండా, ఒక్కసారైనా ఆ పని మొదలుపెట్టిందా అని చూడండి. మా ఇంట్లో ఆ పరీక్షలో నిలబడ్డవి పక్షులు, గవ్వలు, రేడియో, పాట. స్క్రాచ్ సగం నిలబడింది.

పక్షులతో మొదలుపెడదామనుకునేవాళ్లకు ఫిబ్రవరి మంచి సమయం. ఏటా ఆ నెల మధ్యలో నాలుగు రోజులు గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ జరుగుతుంది. ఉన్నచోటే 15 నిమిషాలు నిలబడి, కనిపించిన పిట్టలను లెక్కపెట్టి పంపితే చాలు, మేడ అయినా బాల్కనీ అయినా. ఈసారి మా శనివారం జట్టంతా పాల్గొంటోంది. కాకుల్ని కూడా లెక్కపెట్టాలా అని ఇప్పటికే పోట్లాట మొదలైంది. లెక్కపెట్టాలి.